విల్ఫ్ సంతకం పెట్టని ఫిర్యాదు

2019 ఏప్రిల్ 4, గురువారం. ఆ రోజు యాభై నిమిషాల సమావేశంలో విల్ఫ్ ఎట్‌మాన్స్కీ పలికిన మాటలు మొత్తం నలభై ఒకటి. వాటిలో పద్నాలుగు కారు నిలిపిన చోటు గురించి, పదహారు కుర్చీ గురించి, వాతావరణం గురించి. మిగిలిన పదకొండూ అసలు సంగతి గురించి. ఆ పదకొండు మాటలను పూర్తిగా తప్పుగా అర్థం చేసుకోవడానికి రెండు డిగ్రీలున్న ఒక థెరపిస్టుకు నాలుగు సెకన్లు సరిపోయాయి.

ఒట్టావాలోని ఆ సంబంధాల చికిత్సా కేంద్రం పేరు ‘తెరిచిన తలుపు’. దాని వీధి తలుపు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుంది. మీట నొక్కి, పేరు చెప్పి, లోపలివారు కరుణించేదాకా చలిలో నిలబడాలి. లోపల అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద అద్దాల చట్రంలో పదకొండు విలువలు దర్శనమిస్తాయి. ఏ రంగువారైనా, ఏ మతంవారైనా, ఏ లింగంవారైనా, ఎవరు ఎవరిని ఏ తీరున ప్రేమించినా ఇక్కడ చోటుందని, ఎవరినీ వేలెత్తి చూపరని, అందరినీ కలుపుకుపోతారని వాటి సారాంశం. తొలిరోజు విల్ఫ్ కళ్ళజోడు తగిలించుకుని ఆ పత్రాన్ని ఆసాంతం చదివాడు.

“ఇందులో లేనివాడు ఎవడైనా ఉన్నాడా?” అని పక్కనున్న గార్నెట్‌ను అడిగాడు.

“ఎవడూ లేనట్టే ఉంది. ఏం?”

“మరి మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవర్ని ఆడిపోసుకుంటారు వీళ్ళు, పాపం?”

తర్వాత నాలుగు పేజీల దరఖాస్తు ఇచ్చారు. ‘మిమ్మల్ని మీరు ఏమని గుర్తిస్తారు?’ అన్న ప్రశ్న కింద ఇరవై మూడు గడులు ఉన్నాయి. విల్ఫ్ ఒక్క గడినీ ముట్టుకోకుండా పక్కన ‘రోడ్ల శాఖ, రిటైర్డ్’ అని రాశాడు. ‘మీ సంబంధం ఏ తరహాది?’ అన్నదానికి ‘ఇరవై తొమ్మిదేళ్ళది’ అని రాశాడు. గార్నెట్ హేలీ మాత్రం మూడు గడులు నింపి, నాలుగోదాని పక్కన ప్రశ్నార్థకం ఉంచి, కాగితం వెనకవైపు కూడా రాశాడు. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పిన మనిషికి ఖాళీ కాగితం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

విల్ఫ్‌కు అరవై ఆరేళ్ళు. విల్నో అనే పల్లె దగ్గర, పంట కంటే రాళ్ళే ఎక్కువ పండే పొలంలో, తొమ్మిదిమంది సంతానంలో ఏడోవాడిగా పుట్టాడు. ఆ ఇంట్లో ప్రేమ అంటే ఎదుటివాడి బూట్లకు అంటిన మంచు దులిపి పొయ్యి పక్కన ఆరబెట్టడం. దాన్ని ఎవరైనా నోటితో చెబితే జ్వరం తగిలిందేమోనని నుదురు ముట్టి చూసేవారు. పద్దెనిమిదో ఏట బయటపడి ఆర్న్‌ప్రయర్ అనే ఊళ్ళో రోడ్ల శాఖలో చేరి, ముప్పై నాలుగు శీతకాలాలు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. ఊరు లేచేసరికి రోడ్డు శుభ్రంగా ఉండేది. ఎవరు చేశారని ఊరు అడిగేది కాదు. ఆ ఏర్పాటు విల్ఫ్‌కు బాగా నచ్చింది.

జీతంలేని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. ఊరి కర్లింగ్ క్లబ్బులో, నున్నటి మంచుగడ్డ మీద బరువైన రాళ్ళను జార్చి ఆడే ఆటకు ఐసు సిద్ధం చేయడం. వీపున నీళ్ళ డబ్బా కట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ సన్నని చినుకులు చల్లుకుంటూ పోతే అవి గడ్డకట్టి రాయికి పట్టు దొరుకుతుంది. 1990 జనవరిలో బడికి కొత్తగా వచ్చిన భూగోళం మాస్టారు ఒకడు ఆట మధ్యలో అతని దగ్గరికి విసవిసా వచ్చాడు.

“ఏమయ్యా, నీ ఐసు ఎడమవైపు లాగుతోంది.”

“ఐసు లాగట్లేదు. నీ చెయ్యే లాగుతోంది.”

“నేను పదేళ్ళనుంచి ఆడుతున్నాను!”

“అయితే పదేళ్ళనుంచి లాగుతోంది.”

మర్నాడు ఆ మాస్టారు కాఫీ పట్టుకొచ్చాడు. ఆ తర్వాత రెండేళ్ళకు తన పుస్తకాలన్నీ విల్ఫ్ ఇంటికి పట్టుకొచ్చాడు. ఊరు వాళ్ళను ‘వాళ్ళిద్దరు’ అని పిలిచేది. ఇంతకంటే చెడ్డ పేర్లు కూడా ఉండేవి గానీ, మంచు తోసే బండి ఎవరి వాకిలి ముందు ఎంత కుప్ప వదలాలో నిర్ణయించేది విల్ఫ్ కాబట్టి వాటిని ఎదురుగా అనేవారు కాదు. 1997లో విల్ఫ్ తల్లి పోయినప్పుడు చర్చిలో ముందు వరుస కుటుంబానికని చెప్పి గార్నెట్‌ను ఆరో వరుసలో కూర్చోబెట్టారు. విల్ఫ్ ముందు వరుసలోంచి లేచి, పెద్దన్న చూస్తుండగానే వెనక్కి నడిచి ఆరో వరుసలో కూర్చున్నాడు. ఆ సంగతి మీద ఆ ఇద్దరి మధ్య అప్పుడు గానీ, ఆ తర్వాత గానీ ఒక్క ముక్క కూడా నడవలేదు.

ఇలాంటి మనిషి థెరపిస్టు దగ్గరికి ఎలా వచ్చాడన్నదానికి కారణం ఒక్కటే. పద్నాలుగు నెలలుగా ఇంట్లో అతను పెదవి విప్పడం లేదు. ముందూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. అయితే మాట్లాడని మనిషి పక్కన ముప్పై ఏళ్ళు గడిపినవాడికి, ఒక మౌనానికీ ఇంకో మౌనానికీ తేడా తెలుస్తుంది. గార్నెట్ భయపడ్డాడు. భయపడినప్పుడు ఎవరినైనా పనిలోకి దించడం అతని అలవాటు. ‘తెరిచిన తలుపు’కు ఫోను చేశాడు.

అక్కడ వారికి కేటాయించిన థెరపిస్టు బ్రిన్ ఆష్‌వర్త్. ముప్పై ఆరేళ్ళు, మెత్తటి గొంతు, దానికంటే మెత్తటి స్వెట్టరు. ఆమె నమ్మిన విద్య అనుబంధాలకు సంబంధించినది. పసిబిడ్డ ఏడిస్తే తల్లి వస్తుందా రాదా అన్న ప్రశ్న మీదే మనిషి బతుకు నిలిచి ఉంటుందని, పెద్దయ్యాక తల్లి స్థానంలోకి జతమనిషి వస్తాడని, గిన్నెలు కడిగే విషయంలో కొట్టుకునే జంట కూడా లోలోపల అడుగుతున్నది ‘నేను పిలిస్తే నువ్వు పలుకుతావా?’ అనేనని ఆ విద్య చెబుతుంది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. విల్ఫ్ కూడా పట్టలేదు. తొలి సమావేశంలో ఆ మాట విన్నప్పుడు అతను కుర్చీలో ముందుకు వంగాడు కూడా. బ్రిన్ దాన్ని వెన్నునొప్పి అనుకుని నడుముకు దిండు ఇచ్చింది.

మొదటి రెండు సమావేశాలూ క్షమాపణలతోనే గడిచాయి.

“మీలాంటి జంటలను మా వృత్తి ఒకప్పుడు చాలా గాయపరిచింది. దానికి నేను మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను, విల్ఫ్ గారూ” అంది బ్రిన్.

“అప్పటికి మీరు పుట్టారా అమ్మా?”

“లేదండీ.”

“మరింకేం, వదిలెయ్యండి.”

ఆమె వదల్లేదు. గార్నెట్ కాఫీలో చక్కెర ఎక్కువ వేశాడని విల్ఫ్ అంటే, అందులో సమాజం చేసిన గాయం కనిపించింది. విల్ఫ్ టీవీ గొంతు పెంచుతాడని గార్నెట్ అంటే, అందులోనూ సమాజమే కనిపించింది. శత్రువు మీ ఇద్దరిలో ఎవరూ కాదు, బయట ఉన్నాడు అని ఆమె తేల్చింది. దాంతో గార్నెట్ ముఖం విప్పారింది. ఇంట్లో జరిగినవాటన్నిటికీ బాధ్యత వహించడానికి ఒక దేశం, దాని చట్టసభ, ఒక శతాబ్దపు చరిత్ర సిద్ధంగా ఉన్నాయని తెలిసిన మనిషి విప్పారకుండా ఎలా ఉంటాడు?

మూడో సమావేశంలో, ఏప్రిల్ 4న, విల్ఫ్ చివరికి నోరు తెరిచాడు. నేల వంక చూస్తూ, ఒక్కొక్క మాటనూ పార పట్టి తీసినట్టు అన్నాడు.

“ఆ రోజు ఆస్పత్రిలో నా ఛాతీ కోయడానికి తీసుకెళ్తున్నప్పుడు ఇతను అక్కడ లేడు. అంతే.”

బ్రిన్ కలం ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తడిసిన కళ్ళతో గార్నెట్ వైపు తిరిగింది.

“మిమ్మల్ని లోపలికి రానివ్వలేదా, గార్నెట్ గారూ? బంధువు కాదన్నారా?”

గార్నెట్ విల్ఫ్‌ను చూశాడు, కిటికీని చూశాడు, ఆ గది గోడమీద కూడా వేలాడుతున్న విలువలను చూశాడు. అవి పదకొండూ అతనికి చేతులు చాపి ఎదురొస్తున్నట్టుగా ఉన్నాయి.

“ఆస్పత్రులు ఎలా ఉంటాయో మీకు తెలియనిదేముంది” అన్నాడు.

అబద్ధం ఆడలేదని అతను ఎవరి ముందైనా ప్రమాణం చేయగలడు. అతను అన్నది ఆస్పత్రులన్నిటికీ వర్తించే సాధారణ వాక్యం. వాడుకోవడం బ్రిన్ వంతు. ఆమె వాడుకుంది. వైద్యరంగం తరఫున క్షమాపణ చెప్పింది. వచ్చే వారానికల్లా ఆస్పత్రికి ఒక ఫిర్యాదు లేఖ రాసి తెస్తానని, ఇద్దరూ సంతకాలు పెడితే చాలని, గాయపడిన జంట కలిసి నిలబడి అన్యాయాన్ని పేరుపెట్టి పిలవడమే సగం మందు అని చెప్పింది.

విల్ఫ్ నోరు మళ్ళీ మూతపడింది. ఎందుకంటే ఆ రోజు సంగతి అతనికి తెలుసు. 2018 ఫిబ్రవరిలో, గుండె రక్తనాళానికి చిన్న గొట్టం వేయడానికని ఒట్టావా ఆస్పత్రికి వెళ్ళారు. గంట పని. ఉదయం పది గంటలకల్లా అయిపోయింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు అది వికటించింది. వెంటనే ఛాతీ తెరవాలన్నారు. మంచం చక్రాల మీద కదులుతుండగా, ఒక నర్సు పరుగున బయటికి వెళ్ళి, తిరిగి వచ్చి అతని చెవి దగ్గర వంగి చెప్పింది. “మీ గార్నెట్‌ను మూడుసార్లు పిలిచానండీ. ఫోను కూడా చేశాను. అక్కడ లేరు.” ‘మీ గార్నెట్’ అంది. బంధువా, కాదా, ఏ గడిలో రాసుకోవాలి అని అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరినీ ఒక్క ప్రశ్న కూడా లేకుండా జంటగా లెక్కకట్టిన చోటు ఏదైనా ఉంటే, అది ఆ ఆస్పత్రి నడవాయే. ఫిర్యాదు రాయడానికి బ్రిన్‌కు అదే దొరికింది.

కోలుకున్నాక గార్నెట్ చెప్పాడు. “కాఫీకని కిందికెళ్ళాను. అదే సమయానికి నిన్ను తీసుకెళ్ళిపోయారు.” విల్ఫ్ తలూపాడు. ఆ తలూపడానికి ఇప్పుడు పద్నాలుగు నెలలు.

ఆ వారం బేరీస్ బే నుంచి అక్క స్టెల్లా ఫోను చేసింది. డెబ్బై మూడేళ్ళ ఆ వితంతువు గొంతు ఫోనులో వినిపిస్తే పక్కగదిలో ఉన్నవాళ్ళు కూడా సమాధానం చెబుతారు.

“ఒరేయ్ విల్ఫ్, వెనక గది ఖాళీ చేయించాను. బట్టలు తెచ్చుకుంటున్నావా, లేదా?”

“చూస్తున్నా.”

“ఏం చూస్తున్నావు? ఆ మాస్టారు ఏమంటాడు?”

“నిన్న బీన్సు వండాడు.”

“నేనడిగింది వంట గురించి కాదురా! ఆ రోజు ఎక్కడికి పోయావయ్యా అని అడగడానికి నీకు నోరు పడిపోయిందా?”

“అడిగితే చెప్తాడు.”

“చెప్పనీ!”

“నేనడిగితే చెప్పేది నాకెందుకక్కా? తనంతట తను చెప్పాలి.”

“అలాగే కూర్చో. మన నాన్న కూడా ఇలాగే, అమ్మ తనంతట తను క్షమాపణ చెప్తుందని కూర్చున్నాడు. పాతిపెట్టేటప్పుడు కూడా కూర్చున్నట్టే ఉన్నాడు.”

విల్ఫ్ ఫోను పెట్టేసి లెక్క తేల్చుకున్నాడు. గార్నెట్ ఆ కాగితం మీద సంతకం పెడితే తను స్టెల్లా ఇంటికి పోతాడు. పెట్టకపోతే ఏమిటన్నది తేల్చుకోలేదు. అంతదాకా ఆలోచించడం అత్యాశ అనిపించింది.

గార్నెట్ మాత్రం ఆ వారం పదేళ్ళు తగ్గినట్టు తిరిగాడు. తనకు జరిగిన అన్యాయం గురించి పక్కింటి కార్ల్ భార్యకు కంచె మీదుగా చెప్పాడు. ‘రానివ్వలేదు’ అన్న మాట వాడలేదు. ‘ఆ రోజుల గురించి తలచుకోలేను’ అన్నాడంతే. ఆ సాయంత్రానికి ఆమె వెన్న మిఠాయిలు ఒక డబ్బా పంపింది. ఆమె మామగారే 1997లో చర్చి తలుపు దగ్గర నిలబడి ఆరో వరుస చూపించినవాడు. ఊళ్ళోవాళ్ళ మనసు మంచిది. అన్యాయం వేరే ఊళ్ళో జరిగిందని తెలిస్తే ఇట్టే కరిగిపోతుంది. విల్ఫ్ ఆ మిఠాయిల్లో ఒక్కటి కూడా ముట్టలేదు. గార్నెట్ ఆరు తిన్నాడు, ఆరోదాన్ని మాత్రం చాలాసేపు నమిలాడు.

ఏప్రిల్ 11న, నాలుగో సమావేశంలో, బ్రిన్ లేఖను బల్ల మీద ఉంచింది. రెండు పేజీలు. అందులో ‘బహిష్కరణ’ అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. అడుగున రెండు గీతలు, పక్కన ఒక కలం.

“తొందరేం లేదు. మీ ఒంట్లో ఏమనిపిస్తోందో గమనించుకోండి” అంది.

గార్నెట్ కలం అందుకున్నాడు. సంతకం పెట్టలేదు. రెండో పేరాలో ఒక వాక్యం బాగా లేదన్నాడు. దాన్ని దిద్దాడు. మూడో పేరాను మొదటికి తెస్తే బాగుంటుందన్నాడు. బాణం గీశాడు. ఆరు నిమిషాలపాటు అతను ఆ లేఖను దిద్దుతూనే ఉన్నాడు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. దిద్దడానికి ఇంకేమీ మిగలక కలం సంతకాల గీత దగ్గరికి వచ్చి, దాని మీద ఆగింది.

“ఆ నర్సు పేరు రాశారా?” అన్నాడు విల్ఫ్.

బ్రిన్ ఉలిక్కిపడింది. “పేరు తెలియదు కదండీ. ‘విధుల్లో ఉన్న సిబ్బంది’ అని రాశాను.”

“రొవేనా. ఫిలిపీన్స్ అమ్మాయి. బూట్లకి ఆకుపచ్చ తాళ్ళు కట్టుకునేది. నేను ఇందులో సంతకం పెట్టను. ఆ అమ్మాయి ఇతన్ని మూడుసార్లు పిలిచింది.”

గార్నెట్ కలం కింద పెట్టాడు.

“నీకు తెలుసా?” అన్నాడు.

“తెలుసు.”

“పద్నాలుగు నెలల్నుంచీ?”

“పదమూడు నెలల మూడు వారాలు.”

వృత్తిధర్మం తెలిసిన మనిషి కాబట్టి బ్రిన్ తేరుకుంది. లేఖను పక్కకు జరిపి, గొంతు ఇంకా మెత్తబరిచింది.

“గార్నెట్ గారూ, దీన్ని ఇలా కూడా చూడొచ్చేమో. జీవితమంతా తలుపులు మూసుకుపోతుంటే, మూయకముందే మనమే వెళ్ళిపోతాం. ఎవరో బయటికి పొమ్మంటారన్న పాత భయం మిమ్మల్ని ముందే అక్కణ్ణుంచి…”

గార్నెట్ ఆ వాక్యం వైపు చూసిన చూపు, మునిగేవాడు కర్రముక్కను చూసే చూపు. ఎంత అందమైన వాక్యం. అందులో అతని తప్పు లేదు, కొంత కీర్తి కూడా ఉంది. “బహుశా అలాగే…” అని మొదలుపెట్టాడు.

“అమ్మా” అన్నాడు విల్ఫ్. అతను గొంతు పెంచలేదు. “మా పక్కింటి కార్ల్ ఉన్నాడు. వాడి పెళ్ళాం రెండో కాన్పుకి నొప్పులు పడుతుంటే, వీడు వీధి చివర సారాకొట్లో హాకీ చూస్తూ కూర్చున్నాడు. చరిత్ర వల్ల కూర్చున్నాడని ఎవరూ అనలేదు. చట్టసభకి ఉత్తరం రాయలేదు. వాడి అత్తగారు చీపురు పట్టుకుని దిగింది. అంతే. ఇరవై తొమ్మిదేళ్ళుగా మేం కూడా అందరిలాంటి వాళ్ళమేనని ఊరికి చెప్తూనే ఉన్నాం. మీరు గోడ మీద కూడా రాశారు. మరి ఇతన్ని కూడా కార్ల్‌లాగా మామూలు వెధవ కానివ్వండి ఒక పది నిమిషాలు.”

విల్ఫ్ జీవితంలో ఒక్క గుక్కలో పలికిన అతి పెద్ద ఉపన్యాసం అదే. అయ్యాక అతనే ఆశ్చర్యపోయి నీళ్ళు తాగాడు.

బ్రిన్ లేఖను బోర్లించింది. తర్వాత, మూడు వారాల్లో మొదటిసారి, ఆమె తనకు నేర్పిన పనే చేసింది.

“గార్నెట్ గారూ, నాకు చెప్పకండి. ఆయన వైపు తిరిగి చెప్పండి.”

గార్నెట్ తిరిగాడు. కుర్చీ కీచుమంది.

“డాక్టరు అంతా బాగుందన్నాడు. నువ్వు నిద్రపోతున్నావు. పన్నెండున్నర అయింది. ఒంటిగంటకి సెమీఫైనల్స్.”

“ఏ సెమీఫైనల్స్?”

“రిటైర్డ్ టీచర్ల పోటీ. ఇక్కడే, సిటీ క్లబ్బులో. ఆస్పత్రికి పదిహేను నిమిషాలు. నేనే కెప్టెన్ని, విల్ఫ్. వెళ్ళి ఆడొచ్చేస్తే నీకు తెలియను కూడా తెలియదనుకున్నా. ఫోను లాకర్లో పెట్టా. మూడింటికి తీస్తే మూడు కాల్స్ ఉన్నాయి. కారులో కూర్చున్నా. తిరిగి చేస్తే ఎవరో ఆడమనిషి గొంతు, చెడ్డ కబురు చెప్పేముందు ‘మీరు కూర్చుని ఉన్నారా’ అని అడుగుతుందనిపించింది. ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నా. చెయ్యలేదు. నువ్వు ఉన్నావో లేదో తెలుసుకోకుండా ఇరవై ఐదు నిమిషాలు కారులో కూర్చున్నా. ఇంజన్ కూడా వెయ్యలేదు.”

విల్ఫ్ నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“గెలిచారా?”

“తొమ్మిది–మూడు. ఓడిపోయాం.”

“ఐసు ఎలా ఉంది?”

“దరిద్రంగా ఉంది. ఎడమవైపు…” గార్నెట్ ఆగిపోయాడు. “లేదు. ఐసు బాగానే ఉంది.”

హాస్యం ఒక్కోసారి దగ్గరితనాన్ని అడ్డుకునే గోడ అని బ్రిన్ చదువుకుంది. కాగితం మీద ‘గోడ’ అని రాసి, ఎదురుగా ఉన్న రెండు ముఖాలనూ చూసి, కొట్టేసింది.

“నన్ను తోసుకెళ్తుంటే రొవేనా అడిగింది” అన్నాడు విల్ఫ్. “ఆయన వస్తే ఏమైనా చెప్పాలా అని. చచ్చిపోతే ఏం చెప్పాలని అడుగుతోందని నాకు తెలుసు. నేనేం చెప్పానో తెలుసా? ‘రోడ్లు బాగాలేవేమో, అతని మీద కోప్పడకండి’ అన్నాను. ఆ రోజు ఎండ కాస్తోంది. రోడ్డు పొడిగా, తుడిచినట్టుంది. ముప్పై నాలుగేళ్ళు రోడ్లు ఊడ్చినవాణ్ణి, గార్నెట్. నీ కోసం రోడ్డు గురించి అబద్ధం చెప్పాను.”

గార్నెట్ ఏడ్చాడు. మాస్టార్లు ఏడ్చేటప్పుడు కూడా చేతిగుడ్డ నాలుగు మడతలు పెట్టుకునే ఏడుస్తారు. విల్ఫ్ ఏడవలేదు, అతని దగ్గరికి జరగలేదు, చెయ్యి పట్టుకోలేదు. బ్రిన్ ఆ మూడింటి కోసం ఎదురుచూసింది. ఆమె శిక్షణలో చూపించిన వీడియోల్లో ఈ సరికి అవి జరిగిపోతాయి. విల్ఫ్ లేచి కోటు తొడుక్కున్నాడు.

“మరి లేఖ?” అంది బ్రిన్.

“దానికేం, మాస్టారు బాగా దిద్దాడు. వేరే ఎవరికైనా పనికొస్తుంది” అన్నాడు విల్ఫ్. తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. “నిజంగా గెంటేయించుకున్నవాళ్ళు చాలామంది వస్తారు మీ దగ్గరికి. వాళ్ళకి రాసిపెట్టండమ్మా.”

ఇంటికి వెళ్ళేదారిలో అరవై అయిదు కిలోమీటర్లూ విల్ఫే కారు నడిపాడు. గార్నెట్ రెండుసార్లు ఏదో అనబోయాడు. రెండుసార్లూ విల్ఫ్ వేలెత్తి ఆపాడు. ఇంట్లో వంటగది బల్ల దగ్గర నిలబడి స్టెల్లాకు ఫోను చేశాడు.

“అక్కా, ఆ గది ఇప్పుడు వద్దు.”

“క్షమించేశావా ఏం?”

“ఛ, ఛ. ఇంకా మొదలే పెట్టలేదు. కోపం తెచ్చుకోవాలి ముందు. నీ ఇంట్లో కూర్చుని ఇతని మీద కోప్పడటానికి ఫోను బిల్లు ఎవరు కడతారు?”

తరువాతి వారం, ఏప్రిల్ 18న, గుడ్ ఫ్రైడే ముందురోజు, ఇద్దరూ పది నిమిషాలు ముందే వచ్చి మీట నొక్కారు. ఆ సమావేశంలో బ్రిన్‌కు మాట్లాడే అవకాశం ఎక్కువగా దొరకలేదు. విల్ఫ్ తిట్టాడు. మొదట నెమ్మదిగా, పాత బండి చలికి స్టార్టు కానట్టు తడబడ్డాడు. తర్వాత ఇంజన్ వేడెక్కింది. కాఫీ అబద్ధం గురించి, లాకరు గురించి, ఇరవై ఐదు నిమిషాల గురించి, వెన్న మిఠాయిల గురించి వేరువేరుగా, వరసగా తిట్టాడు. మధ్యలో చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడిన కషూబ్ భాషలోకి కూడా జారాడు. గార్నెట్‌కు ఆ భాష రాదు గానీ ఒక్క మాటకు కూడా అర్థం అడగలేదు. వంచిన తల ఎత్తకుండా “అవును” అని పదిహేడుసార్లు, “అది మాత్రం నిజం కాదు” అని ఒక్కసారి అన్నాడు. ఆ ఒక్కదాని మీద ఇంకో తొమ్మిది నిమిషాలు పోట్లాడుకున్నారు. బ్రిన్ దిండు ఎవరికి ఇవ్వాలో తెలియక తన ఒళ్ళోనే పెట్టుకుంది. బయట కూర్చున్న రిసెప్షనిస్టు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి, ఇదే చికిత్స కాబోలునని వెళ్ళిపోయింది.

యాభై నిమిషాలు అయ్యాయని బ్రిన్ మెల్లగా గుర్తుచేసింది. వచ్చే గురువారం రాగలరా అని అడిగింది.

“వస్తాం. నేనింకా ఫిబ్రవరిలోనే ఉన్నాను” అన్నాడు విల్ఫ్. గార్నెట్ కోటు కొక్కెం మీంచి తీసి, అతని వైపు విసిరాడు.